జీతం ఉండాలంట

కోస్తా వైపు నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా "మీ జీతమెంతండీ" అని అడిగితే నాకు ముందు ఒళ్లు మండుతుంది. తర్వాత వాళ్ల తప్పేమీ లేదని గుర్తొచ్చి నోరు మూసుకుంటాను. ముప్పై ఏళ్లకు పైగా పంతులమ్మగా పనిచేసి నెలనెలా చేయి చాపి తీసుకున్నదాన్ని, ఇప్పుడు ఆ మాట మీద అలిగితే ఏం బాగుంటుంది? అయినా మనసు మాట వినదు.

మా ఊరు బెళుగుప్ప నుంచి రెండు గంటల నడక. నేను పెరిగిన రోజుల్లో ఆ ఊళ్లో జీతం అంటే ఒకటే అర్థం. పెద్ద ఆసామి ఇంట్లో ఏడాదికి కుదరాలి. తెల్లవారకముందే వాళ్ల కొట్టంలో పేడ ఎత్తాలి, వాళ్ల ఎద్దులకు మేత వెయ్యాలి, వాళ్ల చేలో సేద్యం చెయ్యాలి, పొద్దుగూకాక వాళ్ల పెరట్లో కూర్చుని సంగటి తినాలి. అట్లాంటివాడు జీతగాడు. కోస్తాలో పాలేరు అంటారట. ఉగాదికి కుదిరాడంటే మళ్లీ ఉగాది దాకా వాడి ఒళ్లు వాడిది కాదు. బడి అయ్యవారికి, పోస్టుమ్యానుకు నెలకోసారి వచ్చేదానికి మా దగ్గర వేరే మాట ఉంది. దాన్ని సంబళం అంటాం. ఈ రెండు మాటలనూ ఎవరూ కలిపి వాడేవాళ్లు కాదు. కలపాల్సిన పని ఎవరికీ రాలేదు.

మా నాయనకు జీతం అన్న మాటే గిట్టదు. ఆయనకు తొమ్మిదేళ్లప్పుడు మా తాత ఆయన్ను ఊళ్లో పెద్దింట్లో జీతానికి పెట్టాడు. ఏడేళ్లు ఉన్నాడక్కడ. బయటపడ్డాక రాళ్లు ఏరి, కంపచెట్లు కొట్టి, ఆరెకరాల ఎర్రనేలను చేను చేసుకున్నాడు. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఏమీ లేదు. అయినా ఆ చేను గట్టు మీద నిలబడితే ఆయన నడుం నిటారుగా ఉండేది. ఎవరితోనైనా మాటామాటా వస్తే చివరికి ఆయన అనేది ఇదే: "నేను ఎవుని కిందా జీతం లేనప్పా." అమ్మ చాటుగా ఆయన గొంతుతో ఆ మాట అని మమ్మల్ని నవ్వించేది.

మేమిద్దరం ఆడపిల్లలం. అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. రెండేళ్లప్పుడు జ్వరం వచ్చి ఎడమకాలు పడిపోయింది. కలుపుకు పోలేదు, కాయ పెరకడానికి పోలేదు. మా వైపు ఆడమనిషి ఆ రెండూ చెయ్యలేకపోతే ఇక ఆమె ఇంట్లో ఒక మూల కింద లెక్క. మా అక్క మూలన కూర్చునే రకం కాదు. చేత్తో రవికలు కుట్టేది. ఆ కుట్టు చూసినవాళ్లు మిషన్ కుట్టనుకునేవాళ్లు. కాకపోతే ఒక్కో రవికకు రెండేసి రోజులు పట్టేది, పండగలప్పుడు గుడ్డలు ఇచ్చినవాళ్లే మళ్లీ వచ్చి వెనక్కి తీసుకుపోయేవాళ్లు. "నాకు ఒక మిషన్ ఉంటే నన్ను ఎవురూ సాకే పని లేదు" అనేది. ఆ మాట అన్నప్పుడు ఆమె ఎవరి మొహమూ చూసేది కాదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, డెబ్బైల నడుమ, బెళుగుప్ప సంతకు కుట్టుమిషన్ల కంపెనీ మనిషి ఒకడు వచ్చాడు. రెండేళ్లుగా వాన లేదు. గడ్డి కొనలేక అంతకుముందే నాయన ఎద్దుల జతను అమ్మేశాడు. ఆ రోజు అక్కను ఎవరిదో బండిలో కూర్చోబెట్టుకుని మేమంతా సంతకు పోయాం. కంపెనీ మనిషి బల్ల మీద చేతిమిషన్ పెట్టుకుని పిడి తిప్పి చూపిస్తున్నాడు. కాలుతో పని లేదు, కుడిచేత్తో తిప్పితే చాలు. అక్క కాసేపు చూసి, "నేనొకసారి తిప్పేదా అన్నా?" అని అడిగింది. వాడు మంచివాడు, జరిగి చోటిచ్చాడు. గుడ్డముక్క ఆ చివర నుంచి ఈ చివరకు గీత గీసినట్టు కుట్టు పడుతూ వచ్చేసింది. అక్క దాన్ని తిప్పి చూసింది, మళ్లీ తిప్పి చూసింది, తర్వాత పైకి చూసి నవ్వింది. నాయన మిషన్‌ను చూడలేదు, ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

రొక్కం అక్కర్లేదన్నాడు కంపెనీ మనిషి. కంతుల మీద ఇస్తాం, కార్డు రాసిస్తాం, నెలనెలా కంతు కట్టి కార్డు మీద ముద్ర వేయించుకుంటే సరి అన్నాడు. ఒక ఫారం చేతిలో పెట్టి, "నింపుకోని అనంతపురం అంగడికి తీసుకరాండి. అన్నీ సరిగా ఉంటే ఆ పొద్దే మిషన్ ఇచ్చి పంపిస్తారు" అని చెప్పాడు.

ఫారం ఒకవైపు ఇంగ్లీషు, వెనకవైపు తెలుగు. ఇంట్లో చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. ఆ రాత్రి అమ్మా అక్కా లోపల పడుకున్నాక నాయన అరుగు మీద దీపం నా ముందుకు జరిపి, "సదువు పాపా" అన్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. ఆ గర్వం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. దరఖాస్తుదారుని పేరు. తండ్రి పేరు. ఊరు. అక్కడిదాకా నాయన తల ఊపుతూ విన్నాడు. ఆ తర్వాత గడిలో "జీతము" అని ఉంది. దాని పక్కన "జీతమిచ్చువారి సంతకము" అని ఉంది.

"జీతం ఉండాలంట నాయనా" అన్నాను.

"ఎవురికి?"

"కార్డు తీసుకునేవాళ్లకు. జీతం ఇచ్చే ఆసామి సంతకం పెట్టాలంట."

"జీతం లేనోళ్లకు?"

"ఇయ్యరంట."

ఆసామి అన్న మాట ఆ కాగితంలో లేదు. ఇయ్యరన్న మాటా లేదు. ఆ రెండూ నేను చేర్చాను. అబద్ధం చెప్పాలని కాదు. నాకు తెలిసిన జీతం అదొక్కటే, జీతమిచ్చేవాడు అంటే నాకు తెలిసినవాడు పెద్దింటి ఆసామి ఒక్కడే. సంబళం అని ఉంటే బడి అయ్యవారు గుర్తొచ్చేవాడు. నాయన కాగితం మడిచి దూలం సందులో పెట్టి పడుకున్నాడు. ఆయన నిద్రపోలేదని అమ్మ తర్వాత చెప్పింది.

ఉగాదికి రెండు రోజుల ముందు, "పాపా, ఆ కాగితం తీసుకోని నా ఎంబడి రా" అన్నాడు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించడానికి చదువుకున్నదాన్ని కదా, నేను కావాలి. పెద్దింటి ఆసామి అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. నాయనను చూసి, "ఏమప్పా, ఇట్లొచ్చినావు?" అన్నాడు.

"జీతం ఉంటాను సామీ."

ఆసామి నోట్లో వేపపుల్ల అట్లాగే ఆగిపోయింది. నాయన అనే ఆ మాట ఊరంతా తెలిసినదే. ఎగతాళి చేస్తున్నాడేమో అనుకున్నట్టున్నాడు, కాసేపు నాయన మొహం చూశాడు. తర్వాత నెమ్మదిగా, "దుడ్లు ఎంత కావాల?" అని అడిగాడు.

"దుడ్లు ఒద్దు సామీ. ఈ కాగితం మీద మీ సంతకం కావాల."

ఆసామి చెడ్డ మనిషేమీ కాదు. అప్పటికే జీతానికి మాట్లాడుకుని పెట్టుకున్న విడపనకల్లు మనిషిని రావద్దని కబురు పంపుతానన్నాడు. జీతము అన్న గడిలో తన చేత్తోనే ముత్యాల్లాంటి అక్షరాలు రాశాడు. ఏడాదికి ఇన్ని మూటల జొన్నలు, రెండు పంచెలు, ఒక కంబళి, ఒక జత చెప్పులు. పక్కన నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాడు. నాయన ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

ఇంట్లో ఆయన చెప్పింది ఒక్క ముక్కే. కాలం బాగాలేదు, పెద్దింట్లో ఉంటే గింజలకు కరువుండదు అని. అమ్మ నమ్మలేదు. ముందుగా డబ్బు తీసుకోకుండా జీతానికి ఎవడూ కుదరడు కాబట్టి, ఆ దుడ్లు ఏం చేశావని అడిగింది. ఆయన తుండుగుడ్డ దులుపుకుని బయటికి పోయాడు.

ఉగాది పోయిన వారానికి ఆసామిని అడిగి ఒక్క రోజు సెలవు తీసుకుని నన్ను అనంతపురం తీసుకుపోయాడు. కోరా పంచె కట్టుకున్నాడు. అంగట్లో మిషన్లు వరసగా ఉన్నాయి. నాయన చేతిమిషన్ల వైపు ఒకసారి చూసి ఫారం బల్ల మీద పెట్టాడు. మేనేజరు కోస్తా మనిషి, కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. మొదట అర్థం కాలేదు. పక్కనున్న గుమాస్తాకిచ్చాడు. గుమాస్తా మా వైపు మనిషే. వాడు దాన్ని గట్టిగా చదివాడు. జొన్నలు, పంచెలు, కంబళి, చెప్పులు. అంగట్లో ఉన్నవాళ్లు నవ్వారు. ఎవరో చెప్పులు అన్న మాటను మళ్లీ అన్నారు. మేనేజరు నవ్వలేదు, నిజం చెప్పాలి కదా.

"జీతం అంటే ఇది కాదండీ. ఉద్యోగం ఉండాలి. నెలనెలా డబ్బు రావాలి" అన్నాడాయన.

నాయనకు ఇంకా అర్థం కాలేదు. "జీతం ఉండాను సామీ, ఆసామి సంతకం కూడా పెట్టినాడు" అన్నాడు.

గుమాస్తా కలగజేసుకుని, "సంబళమన్నా, సంబళం. నీకు సంబళం వస్తాదా?" అన్నాడు.

నాయన ఆ కాగితం వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఆ చూపు కోపంగా ఉన్నా నాకు బాగుండేది.

"సంబళం అని రాసుంటే నాకు తెలిసేదే గదప్పా" అన్నాడు గుమాస్తాతో. "ఈడ జీతం అని గదా రాసుండాది."

సంబళం వచ్చేవాళ్లనెవరినైనా జామీను తెచ్చుకుంటే చూస్తామన్నారు. మాకు తెలిసిన సంబళగాడు బడి అయ్యవారు ఒక్కడే. ఆయన అంతకుముందే ఎవరికో జామీను ఉండి చేతులు కాల్చుకున్నవాడు. ఊరికి వచ్చాక నాయన అడిగితే దండం పెట్టి లేదన్నాడు. అక్కడితో ఆ కథ అయిపోయింది.

అనంతపురం నుంచి వచ్చేటప్పుడు బస్సులోనే నేను అడిగాను. "ఇంగ పెద్దింట్లో మానుకుంటావా నాయనా?"

"ఎట్ల మానేది పాపా? మాటిచ్చినాను. నా కోసరం ఆ విడపనకల్లు మనిషిని ఒద్దనిరి." తర్వాత, "ఈ సంగతి ఇంట్లో చెప్పొద్దు" అన్నాడు. "నవ్వితే నవ్వనీలే. మీ అక్క తన వల్ల నేను జీతం పోతినని అనుకుంటాది. అన్నం తినదు ఆ పిల్ల."

నేను ఒట్టు పెట్టాను.

ఇంటికి వచ్చాక అక్క గడపలోనే ఎదురు చూస్తోంది. "ఏమాయె నాయనా?" అంది. "ఇప్పుడొద్దులేమ్మా మిషన్. సూద్దాం" అన్నాడు, కొట్టంలోకి వెళ్లిపోయాడు. ఆమె నన్ను అడిగింది. నేను తెలియదన్నాను. కుట్టాల్సిన రవికల గుడ్డలు ఆరేడు ఆమె దగ్గర పోగుపడి ఉన్నాయి, మిషన్ వస్తుందని అందరికీ చెప్పుకుంది మరి. మరుసటి రోజు ఒక్కొక్కరినీ పిలిచి గుడ్డలు తిరిగి ఇచ్చేసింది.

ఆ ఏడు ముంగారు వాన పడింది.

రెండేళ్లు ఎండిపోయిన నేల మీద తొలకరి మూడు రోజులు పట్టుగా కురిసింది. ఊరంతా గొర్రులు కట్టుకుని విత్తడానికి పరిగెత్తింది. మా ఇంట్లో అమ్మ వాకిట్లో కూర్చుని ఏడ్చింది. అనంతపురం జిల్లాలో వాన పడిందని ఏడ్చిన ఇల్లు మాది తప్ప ఇంకొకటి ఉండదు. ఎద్దులు లేవు. సేద్యం చేసే మనిషి పెద్దింటి గొర్రు వెనక ఉన్నాడు. పెద్దింటి చేనూ మా చేనూ ఒక్క గట్టుకు అటూఇటూ. నేను సద్ది తీసుకుపోయినప్పుడు చూశాను, నాయన వాళ్ల చేలో సాలు తోలుకుంటూ మా గట్టు దాకా వచ్చి, ఎద్దులను మళ్లించుకుని పోతున్నాడు. మళ్లించేటప్పుడు మా చేను వైపు చూడడం లేదు. చూడకుండా ఉండడానికి మెడ బిగబట్టుకుని ఉన్నాడు.

అమ్మ బాడుగ ఎద్దుల కోసం ఇల్లిల్లూ తిరిగింది. పదును ఉన్నప్పుడు ఎవరు ఇస్తారు? అందరి పనులూ అయ్యాక, ఆసామి దయతలచి ఒక్క రోజు ఎద్దులను ఇచ్చాడు. అప్పటికి అదను దాటిపోయింది. వేరుశనగ తీగ పెరిగింది, పీకి చూస్తే అన్నీ లొట్ట కాయలు. ఊళ్లో మిగతా అందరికీ ఆ ఏడు మళ్లీ ఎప్పుడూ చూడనంత పంట. మా చేను సకాలంలో విత్తి ఉంటే ఏ కార్డూ, ఏ సంతకమూ అక్కర్లేకుండా రొక్కమిచ్చి మిషన్ తెచ్చుకునేవాళ్లం. మిషన్ కోసమే ఆయన జీతానికి పోయాడన్న సంగతి ఇంట్లో నాయనకూ నాకూ మాత్రమే తెలుసు. మేమిద్దరం ఆ విషయం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

అక్కకు తెలిసింది వేరు. నాయన జీతానికి పోయి ముందుగా దుడ్లు తీసుకున్నాడు, దేనికో ఖర్చు పెట్టుకున్నాడు, కుంటి కూతురికి మిషన్ అనేసరికి ఒద్దన్నాడు. ఊళ్లోవాళ్లు కూడా అట్లాగే అనుకున్నారు, ఆసామి తన జీతగాళ్ల లెక్కలు బయట చెప్పే మనిషి కాదు. ఆమె గొడవ పడలేదు, అలిగి పస్తు పడుకోలేదు. నాయనతో మాట్లాడడం మానేసింది, అంతే. ఏడాది తిరిగి ఆయన పెద్దింటి నుంచి వచ్చేశాక కూడా మాట్లాడలేదు. తట్టలో సంగటి పెట్టేది, నీళ్ల చెంబు పక్కన పెట్టేది, వెళ్లిపోయేది. ఆయనకు ఇంకో ముద్ద కావాలంటే నాతో, "మీ అక్కను అడుగు పాపా" అనేవాడు. ఆమె మూడు అడుగుల దూరంలోనే ఉండేది.

నేను ఎందుకు చెప్పలేదు? ఒట్టు పెట్టానని అప్పట్లో నాకు నేను చెప్పుకునేదాన్ని. అది సగం నిజం. చెప్పాలంటే ఆ ఫారం చదివింది ఎవరో కూడా చెప్పాలి. ఊళ్లో నాకు చదువుల తల్లి అని పేరొస్తున్న రోజులవి. అది పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

నేను టీచర్ ట్రైనింగులో ఉండగా నాయనకు కామెర్లు వచ్చాయి. పసరు పోయించారు, తర్వాత పెద్దాసుపత్రికి తెచ్చారు, అప్పటికే ఆలస్యమైంది. నేను చేరేసరికి స్పృహ లేదు. ఆయన పోయిన రోజు అక్క గట్టిగా ఏడవలేదని ఊళ్లో ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు.

ఎనభైల మొదట్లో నాకు ఉద్యోగం వచ్చింది. మూడో నెల సంబళం చేతికి రాగానే అనంతపురంలో కుట్టుమిషన్ల అంగడికి పోయాను. అప్పటి అంగడి కాదు, వేరేది. ఫారం మాత్రం ఇంచుమించు అదే. జీతము అన్న గడి దగ్గర నా చేయి ఆగింది. ఆగినా రాశాను. హెడ్మాస్టరు సంతకం చూడగానే అంగడి మనిషి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. ఆ టీ తాగేలోపు కార్డు రాసి చేతిలో పెట్టాడు. నేను ఎవరో, మాట మీద నిలబడతానో లేదో ఆయన అడగలేదు. ఇచ్చిన మాట కోసం సొంత చేను అదను పోగొట్టుకుని ఏడాది జీతం చేసిన మనిషి నాకు తెలుసు. ఆయన్ను రాసుకోవడానికి ఆ కాగితంలో గడి లేదు. నాకు అంగట్లోనే ఏడుపొచ్చింది, టీ వేడిగా ఉందని చెప్పాను.

మిషన్‌ను బస్సు టాపు మీద వేసుకుని ఊరికి తెచ్చాను. అక్క అప్పటికి ఇరవై ఆరు దాటింది. చీకటిపడితే సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. అయినా మిషన్ ముందు కూర్చోగానే చేయి దానంతట అదే పిడి మీదికి పోయింది. పాత గుడ్డ ఒకటి తీసి ఒక వరస కుట్టింది. దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు తేవాలని అమ్మ లోపలికి పోయింది.

"సెల్లెలు తెచ్చింది" అంది అక్క, కుట్టు చూసుకుంటూ. "కన్న తండ్రికి మాత్రం నేను ఎప్పుడూ కానరాలేదు. పోనీలే, పోయినోళ్లను ఏమీ అనగూడదు."

అప్పుడు చెప్పాను. నేను ఫారం చదివింది, అరుగు దగ్గర వేలు పెట్టి చూపించింది, అంగట్లో వాళ్లు నవ్వింది, బస్సులో ఒట్టు, అన్నీ చెప్పాను. ఆమె పిడి మీది చేయి తియ్యలేదు.

"దుడ్లు ఏమీ తీసుకోలేదా అయితే?" అంది చివరికి.

"లేదక్కా. సంతకం ఒక్కటే."

"అయిదేండ్లు సంగటి పెట్టినాను మే ఆయనకు. మొగం పక్కకు తిప్పుకోని పెట్టినాను. తెలిసింటే ఆ పక్కనే కూర్చోని పెట్టిందును."

"నాయన చెప్పొద్దన్నాడక్కా" అన్నాను.

అక్క తల ఎత్తి నా వైపు చూసింది.

"నాయనకు సదువు రాదు. నీకు వస్తాది గదా మే."